జొన్న రొట్టెనా, వరి అన్నమా: పాలమూరు, నల్లగొండ ఇళ్లకు ఏది మేలు?

ఒంటికీ వాతావరణానికీ కూడా మేలు చేసే తిండి ఏదన్న చర్చ సాధారణంగా మాంసం మానాలా వద్దా అన్న ప్రశ్నతో మొదలవుతుంది. దక్షిణ తెలంగాణలో మాత్రం దాన్ని ధాన్యం దగ్గర మొదలుపెట్టడమే సబబు, ఎందుకంటే మాంసం ఆదివారానికో, చుట్టాలు వచ్చినప్పుడో వండే ఇళ్లలో కూడా అన్నం రోజూ రెండు పూటలా ఉడుకుతుంది. ఒకప్పుడు జొన్న గట్క (జొన్న రవ్వను ఉడికించిన సంకటి), జొన్న రొట్టెలతో ఏడాది గడిపి వరి అన్నాన్ని పండగకు దాచుకున్న పాలమూరు చెలక ఊళ్లు, నల్లగొండ మెట్ట ఊళ్లు, కాలువలూ ఎత్తిపోతలూ బోర్లూ వచ్చాక దాదాపు పూర్తిగా అన్నానికి మారిపోయాయి. కనుక ముందుగా ఈ రెండింటినే పోల్చి చూద్దాం.

పోషకాల లెక్కలో జొన్నదే పైచేయి. జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల పాలిష్ బియ్యంలో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు ఉండగా, జొన్నల్లో రెండూ దాదాపు 10 గ్రాముల చొప్పున ఉంటాయి. ఇనుము బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు, జొన్నల్లో సుమారు 4 మిల్లీగ్రాములు ఉంటుంది. అయితే ఇచ్చే శక్తిలో రెండింటికీ పెద్ద తేడా లేదు కాబట్టి, షుగర్ ఉన్నవారు రొట్టె కదా అని లెక్క లేకుండా తింటే ఆశించిన ఫలితం రాదు.

వాతావరణం విషయానికి వస్తే తేడా మరింత స్పష్టంగా కనిపిస్తుంది. నీళ్లు నిలిచిన వరిమడిలో గాలి చొరబడని బురదలో పెరిగే సూక్ష్మజీవులు మీథేన్‌ను విడుదల చేస్తాయి, నూరేళ్ల లెక్కన చూస్తే ఆ వాయువు కార్బన్ డయాక్సైడ్ కంటే 27 నుంచి 30 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. జొన్న వానకే పండుతుంది, యాసంగిలోనైతే రేగడి నేల పట్టి ఉంచిన తేమతోనే గింజ కడుతుంది, పైగా చొప్ప పశువులకు మేతవుతుంది. మన ప్రాంతంలో దీనికి తోడు కరెంటు లెక్క కూడా ఉంది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత విద్యుత్తు ఇస్తున్న రాష్ట్రంలో ఆ విద్యుత్తులో పెద్ద భాగం బొగ్గు నుంచే వస్తోంది, నల్లగొండ జిల్లా దామరచర్ల మండలంలోనే 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రాన్ని నిర్మించారు. అందువల్ల నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద పారకంతో పండిన వరి, బోరు కింద పండిన వరి ఒకే మిల్లులో బియ్యమైనా వాటి వెనుక కాలిన బొగ్గు ఒకటి కాదు, కృష్ణా నీటిని ఎత్తుకు పంపు చేసి తెచ్చే కల్వకుర్తి ఎత్తిపోతల కింది వరి కూడా ఈ రెండో కోవలోకే వస్తుంది. మడిని తడుపుతూ ఆరబెడుతూ సాగు చేసే ఆరుతడి పద్ధతిలో మీథేన్ మూడో వంతు నుంచి సగం వరకు తగ్గుతుంది, కానీ దుకాణంలో బియ్యం కొనేవాడికి అది ఏ పద్ధతిలో పండిందో తెలిసే దారి లేదు.

ఇంతవరకు చదివి జొన్నే గెలిచిందని తేల్చేయడం తొందరపాటు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ మోతాదు మించిన నల్లగొండ ఊళ్లలో 1970లలో పరిశోధించిన జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు, మోకాళ్లు లోపలికి వంగిపోయే వికృతిని జొన్న ముఖ్యాహారంగా ఉన్నవారిలో గమనించారు. అన్నం తిన్నప్పటి కంటే జొన్న తిన్నప్పుడు ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువగా నిలుస్తోందని కూడా వారి పరిశీలనల్లో తేలింది. తప్పు జొన్నది కాదు, ఆ నీళ్లది. అయినా మర్రిగూడ, మునుగోడు వంటి చోట్ల ఇప్పటికీ బోరు నీళ్లు తాగే ఇల్లు ఏదైనా ఉంటే, వారికి ముందు చెప్పవలసినది భగీరథ నల్లా నీళ్లకు మారమని, జొన్న సంగతి ఆ తర్వాత. ఆ ఫ్లోరైడ్ పరిశోధన కంటే ముందు, 1960 ప్రాంతంలో, జొన్న తప్ప మరొకటి దొరకని పేదల్లో వచ్చే పెల్లాగ్రా అనే పోషకాహార లోప వ్యాధిని హైదరాబాద్‌లో సి. గోపాలన్ బృందం అధ్యయనం చేసింది. తాతలు జొన్న తిని ఉక్కులా ఉన్నారని గొప్పగా చెప్పేవారు ఈ రెండు సంగతులనూ పక్కన పెట్టేస్తారు.

కాబట్టి ఒట్టి జొన్నను ఒట్టి అన్నంతో పోల్చడం సరికాదు, పక్కన ఏముందన్నదే అసలు లెక్క. జొన్న మాంసకృత్తుల్లో కొరవడిన లైసిన్ అనే అమైనో ఆమ్లాన్ని కందిపప్పు పూరిస్తుంది, ఆ పప్పులో పుంటికూరో గంగవాయిలి కూరో వేసి పైన నిమ్మరసం పిండితే ఇనుము ఒంటికి పట్టడం మెరుగవుతుంది. కంది మొక్క గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో స్థిరీకరించుకుంటుంది గనుక యూరియా పెద్దగా అడగదు. నారాయణపేటకు దగ్గరలోని తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పాలిష్ బియ్యం మీద పచ్చిపులుసు పోసుకుని ముగించే భోజనం కంటే రొట్టె, పప్పుకూర భోజనం అన్ని విధాలా మేలన్నది నా నిశ్చితాభిప్రాయం.

మాంసం గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. ప్రపంచ సగటు లెక్కల్లో కిలో కోడిమాంసంతో పోలిస్తే కిలో గొర్రె మాంసం వెనుక ఉద్గారాలు దాదాపు నాలుగు రెట్లు ఉంటాయి, పప్పులకు కోడి కంటే కూడా చాలా తక్కువ. మన గొల్లకురుమల మందలు బీళ్లలో మేస్తాయి, రైతులు వాటిని పొలాల్లో మందపెట్టించుకుని ఎరువు పొందుతారు, అది నిజమైన లాభమే. అయినా నెమరు వేసే కడుపులో పుట్టే మీథేన్ బీడులో మేసినా పుడుతుంది. మటన్ పరిమాణం తగ్గించి, గుడ్లూ పప్పూ పెంచుకోవడం చాలు. ఆరోగ్యం కోసమని కొందరు కొనే ఓట్స్ విషయంలో, దూరదేశం నుంచి ఓడలో వచ్చినంత మాత్రాన అవి వాతావరణానికి పెద్ద చేటు చేయవు, తిండి ఉద్గారాల్లో రవాణా వాటా సాధారణంగా చిన్నదే. కాకపోతే జొన్న రవ్వ చేసే పనికే వాటికి ఎక్కువ ధర పెట్టడం ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక మిగిలినవి ధర, శ్రమ. 2025 ఉగాది నాడు హుజూర్‌నగర్‌లో మొదలైన పథకం కింద కార్డులోని ఒక్కొక్కరికీ నెలకు 6 కిలోల సన్నబియ్యం ఉచితంగా వస్తుండగా, జొన్నలను మాత్రం సొంత డబ్బుతో కొనాలి. అన్నం కుక్కర్‌లో పెడితే ఇంటిల్లిపాదికీ ఒకేసారి ఉడుకుతుంది. రొట్టెకైతే పిండిలో మరిగే నీళ్లు పోసి, వేడి ఆరకముందే పిసికి, ఒక్కొక్కటీ చేత్తో తట్టి, పెంక మీద వేసి, పైన తడిచేత్తో నీళ్లు పూసి కాల్చాలి. జొన్నపిండిలో సాగే గుణం లేదు, పాతబడిన పిండైతే రొట్టె చేతిలోనే విరుగుతుంది. గ్యాస్ కూడా ఎక్కువే కాలుతుంది. ఈ పనంతా ఇంట్లో ఎవరి మీద పడుతుందో చూడకుండా రోజూ రొట్టెలే తినమని సలహా ఇవ్వడం అన్యాయం.

అందుకే రోజుకూలీ మీద బతికే ఇంటికి ఉచిత బియ్యాన్ని వదులుకోమని నేను చెప్పను. ఆ బియ్యంతో మిగిలే డబ్బును కందిపప్పు, పెసర్లు, గుడ్లు, ఆకుకూరల మీద పెట్టడం వారికి ఎక్కువ మేలు. కొనగలిగినవారు, ముఖ్యంగా కూర్చుని పనిచేసేవారు, షుగర్ ఉన్నవారు రాత్రి పూటకు జొన్నకు మారడం మంచిది, రొట్టె కుదరని రోజున గట్క వండుకుంటే శ్రమ సగం తగ్గుతుంది. బోరు కింద యాసంగి వరి వేసే రైతు కుటుంబం ఇంటి తిండికి సరిపడా జొన్న, అందులో కంది కలిపి వేసుకుంటే ఖర్చు కూడా కలిసొస్తుంది, కానీ చుట్టుపక్కల వేరెవరూ జొన్న వేయకపోతే చిలుకలూ పిచ్చుకలూ ఆ ఒక్క చేను మీదే వాలతాయి గనుక నలుగురు రైతులు ఒకే చోట కలిసి వేసుకోవాలి.