కొంకర్లు పోయే చేతులతో లాయం పని: నాలుగు చలికాలాలు వాడి చూశాక

గుర్రం తలకు తొడిగే పట్టీల హాల్టర్‌కు బకిల్ పెట్టడానికి పది నిమిషాలు పట్టిన రోజు ఒకటుంది. పట్టీ కొస కన్నంలోకి దూరుతోందో లేదో కళ్లతో చూస్తే తప్ప తెలియలేదు, వేళ్లకు స్పర్శే లేదు. నాకు బొటనవేలి మొదట్లో ఆర్థరైటిస్. దానికి తోడు చలి తగిలితే వేళ్లు తెల్లగా పాలిపోయి మొద్దుబారే రేనో సమస్య. గుర్రాన్ని వదులుకోమని చాలామంది చెప్పారు. ఆ మాట వినలేకే చేతులకు సాయపడేవి ఒక్కొక్కటే కొంటూ, కొన్ని సొంతంగా చేసుకుంటూ వచ్చాను. నాలుగు చలికాలాల తర్వాత వాటిలో ఏవి మిగిలాయో చెబుతాను.

మొదట అందరిలాగే మందపాటి గ్లోవ్స్ కొన్నాను. వెచ్చగానే ఉన్నాయి, కానీ వాటితో ఏ కొక్కెమూ తీయలేం. ప్రతి పనికీ విప్పాలి, విప్పిన చేత్తో చల్లటి ఇనుము ముట్టుకోవాలి. పైగా నీళ్ల తొట్టి దగ్గర ఒకసారి తడిశాయంటే అసలు గ్లోవ్స్ లేకపోవడమే నయం. నీరు గాలికన్నా 20 రెట్లకు పైగా వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఇప్పుడు లోపల పలుచటి ఉన్నివి, పైన అరచేతికి రబ్బరు పూత ఉన్న పనివాళ్ల గ్లోవ్స్ వేసుకుంటున్నాను. పైవి ఒక సైజు పెద్దవి తీసుకోండి. బిగుతుగా ఉంటే రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా చల్లబడతాయి. రెండో జత ఎప్పుడూ కోటు లోపల, ఒంటికి ఆనుకుని ఉంటుంది. బ్యాటరీతో వేడెక్కే రకం కూడా వాడాను. రెండో చలికాలానికే వేలు మడతపడే చోట తీగ తెగిపోయింది. మళ్లీ కొనను.

అన్నిటికన్నా మేలు చేసింది మాత్రం వేడి కాదు, పిడి లావు. నీళ్ల పైపులకు తొడిగే నురగ గొట్టం ఉంటుంది కదా, పొడుగునా చీలిక ఉన్నది. దాన్ని లద్దె ఎత్తే ఫోర్క్ కర్రకు, రెండు చేతులూ పడే చోట తొడిగాను. సన్నటి కర్ర జారకుండా ఉండాలంటే పిడికిలి గట్టిగా బిగించాలి, ఆ బిగింపు అంతా బొటనవేలి కీలు మీదే పడుతుంది. లావు పిడిని సగం మూసిన చేత్తోనే పట్టుకోవచ్చు. మొదటిసారి రెండు పొరలు తొడిగితే చెయ్యి చుట్టూ తిరగక మణికట్టు నొప్పెట్టింది. ఒక్క పొర చాలు. ఉత్త నురగ ఒక చలికాలానికే చిరిగిపోయింది. అందుకని దానిమీద గుర్రాల కాళ్లకు చుట్టే, తనకు తానే అంటుకునే బ్యాండేజ్ చుట్టాను. అది మూడేళ్లుగా ఉంది, తడిసినా జారదు. గిట్టలు శుభ్రం చేసే కొక్కేనికీ, బకెట్ తీగ పిడికీ ఇదే చేశాను.

హాల్టర్ విషయంలో గొంతు కింద కొక్కెం ఉన్నదానికి మారిపోయాను. బకిల్ జోలికే పోను. కొక్కెం గడ్డకట్టిన పొద్దున ఫ్లాస్కులోని గోరువెచ్చని నీళ్లు పోస్తాను, వెంటనే గుడ్డతో తుడిచి కాస్త వాజ్‌లైన్ రాస్తాను. తుడవడం మరిచిపోతే మళ్లీ బిగుసుకుంటుంది.

గుర్రం రోజుకు 20 నుంచి 45 లీటర్ల నీళ్లు తాగుతుంది, లీటరంటే కిలో బరువు. బకెట్ సగమే నింపి ఎక్కువసార్లు మోస్తున్నాను. చక్రాల బండి మీద మూత ఉన్న డబ్బా పెట్టి తోసుకెళ్లడం ఇంకా సుఖం.

గడ్డి వల నింపడం నన్ను ఏడిపించిన పని. 500 కిలోల గుర్రానికి రోజుకు 8 నుంచి 10 కిలోల ఎండుగడ్డి కావాలి. ఒక చేత్తో వల నోరు తెరిచి పట్టుకుని రెండో చేత్తో కుక్కడం నావల్ల అయ్యేది కాదు. ఇప్పుడు వలను పెద్ద డబ్బాలో దించి, నోటిని అంచుమీదికి మడిచేస్తాను. రెండు చేతులూ ఖాళీ. అది కూడా పొద్దున కాదు, మధ్యాహ్నం వేళ్లు సడలి ఉన్నప్పుడే మర్నాటివి నింపి పెట్టుకుంటాను.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పట్టు దొరకడం లేదని తాడును చేతికి చుట్టుకోవద్దు. నేను రెండో చలికాలంలో ఆ తప్పు చేశాను. గుర్రం బెదిరి వెనక్కి లాగింది, చూపుడువేలు ఆరు వారాలు వాచి ఉంది. మొద్దుబారిన చేతికి తాడు ఎంత బిగుసుకుందో ఆలస్యంగా తెలుస్తుంది. పట్టు చాలకపోతే లావు నూలు తాడు వాడండి, మిగిలిన తాడును మడతలుగా పట్టుకోండి.

గాలి తగిలితే వేడెక్కే ఇనుప పొడి ప్యాకెట్లు ఇప్పటికీ వాడుతున్నాను, కానీ అరచేతిలో కాదు. మణికట్టు లోపలివైపు, ఉన్ని పట్టీ పైన పెట్టుకుంటాను. వేళ్లకు వెళ్లే రక్తం అక్కడి నుంచే కదా వెళ్లేది. చర్మానికి నేరుగా ఆనించకండి, స్పర్శ లేనప్పుడు కాలుతున్నా తెలియదు.

గిట్టలు శుభ్రం చేయడం మాత్రం ఇప్పటికీ కష్టమే. లావు పిడి ఉన్నా రెండు కాళ్లు అయ్యేసరికి వేళ్లు కొంకర్లు పోతాయి. అప్పుడు గ్లోవ్స్ తీసేసి రెండు చేతులూ దాని జూలు కింద, మెడకు ఆనించి పెడతాను. అక్కడ ఎంత చలిలోనైనా వెచ్చగా ఉంటుంది. అది కదలకుండా నిలబడుతుంది. కాసేపయ్యాక మిగిలిన రెండు కాళ్లూ ఎత్తుతాను.