కాగితపు నమూనాలకు రక్షణ పూతలు: ఏటిగట్టు పక్కన ఆరేళ్ల వాడకం

ముద్రించిన అట్టను కత్తిరించి, మడిచి, అతికించి నమూనాలు చేయడం మొదలుపెట్టి ఆరేళ్లయింది. ఇప్పటివరకు 28 చేశాను. వాటిలో 2 బంధువుల పిల్లలు పట్టుకుపోయారు, 17 మా ముందుగది అద్దాల బీరువాలో ఉన్నాయి, మిగిలిన 9 చెమ్మకు పాడయ్యాయి. ఆ తొమ్మిదిలో ఏడింటికి నేను శ్రద్ధగా స్ప్రే పూత వేసే ఉన్నాను. ఈ సమీక్ష రాయడానికి కారణం ఆ ఏడు నమూనాలే.

మా ఇల్లు రాజోలు దగ్గర ఒక పల్లెలో, వశిష్ఠ ఏటిగట్టును ఆనుకుని ఉంది. వెనక పంటబోదె, చుట్టూ కొబ్బరితోట. జూన్‌లో వానలు పట్టిన దగ్గర నుంచి నవంబరు వాయుగుండాలు దాటేవరకు ఇంట్లో అప్పడాలు కూడా డబ్బా మూత తీసిన గంటలో మెత్తబడతాయి. కాబట్టి నేను చెప్పేదంతా ఈ గాలిలో తేలిన సంగతి. పొడి ప్రాంతాల్లో ఉన్నవారికి ఇందులో సగం జాగ్రత్తలు అక్కర్లేకపోవచ్చు.

నేను ఎక్కువగా వాడింది 400 మిల్లీలీటర్ల డబ్బాల్లో దొరికే యాక్రిలిక్ క్లియర్ స్ప్రే. రెండు మూడు కంపెనీలవి వాడి చూశాను, వాటి మధ్య తేడా నాకు పెద్దగా కనిపించలేదు. తేడా అంతా కొట్టిన రోజులో ఉంది. రెండో ఏడు ఆగస్టులో రాజమహేంద్రవరం హేవలాక్ వంతెన నమూనా పూర్తి చేశాను. 1900లో మొదలై 1997 వరకు రైళ్లను మోసిన ఆ వంతెనకు 56 స్పాన్‌లు, అంటే రెండు స్తంభాల మధ్య భాగాలు, ఉన్నాయి; నేను చేసినవి ఆరు మాత్రమే. సాయంత్రం వాన వెలిసింది కదా అని పెరట్లో స్టూలు మీద పెట్టి మొదటి పూత కొట్టాను. రెండు నిమిషాలు తడి మెరుపుతో ముచ్చటగా కనిపించింది. తరువాత రాతి స్తంభాల మూలల నుంచి మొదలై, పాల మీద మీగడ కట్టినట్టు, తెల్లటి పొర నా కళ్ల ముందే గర్డర్ల (ఇనుప దూలాల) మీదికి పాకింది. ముదురు ఇనుప రంగంతా బూడిద రాసినట్టయింది.

అప్పట్లో డబ్బాదే తప్పనుకున్నాను. మా వీధిలో తలుపులకు పాలిష్ పెట్టే మేస్త్రీకి చూపిస్తే ఆయన నవ్వి, "ముసురులో లాకర్ కొడితే తెల్లబడిపోద్దండి, మా తలుపులైనా అంతేనండి" అన్నారు. లాకర్ అంటే చెక్కకు కొట్టే, త్వరగా ఆరే మెరుపు పూత. పూతలోని ద్రావకం వేగంగా ఆవిరైపోతూ అట్ట ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే ఆ చల్లదనానికి నీరు పట్టి, ఆరుతున్న పూతలో చిక్కుకుని తెల్లగా కనిపిస్తుంది. విరుగుడు కూడా ఆయనే చెప్పారు. ఎండ బాగా కాసిన రోజు వరకు ఆగి, అదే స్ప్రేను పలుచగా ఒక్క వరస కొడితే పాత పూత మళ్లీ కరిగి, చిక్కుకున్న తేమ బయటకు పోతుందన్నారు. పది రోజులు ఆగి అలాగే చేశాను. గర్డర్ల మీద తెలుపు దాదాపుగా పోయింది, మూడో స్తంభం మూలలో మాత్రం ఇప్పటికీ చిన్న మరక ఉంది.

ఆ తరువాత గోడకు తగిలించే తేమ మీటరు కొన్నాను. అది 65 శాతం దాటితే డబ్బా మూత తీయను. మా దగ్గర డిసెంబరు నుంచి మార్చి వరకు, మంచు పూర్తిగా విడిచాక, ఉదయం పది నుంచి పన్నెండు మధ్య మంచి సమయం. మధ్యాహ్నం దాటాక సముద్రం మీది గాలి తిరిగితే అంకె మళ్లీ పైకి పోతుంది. మే నెల వడగాల్పుల్లో తేమ తక్కువే అయినా ఇంకో చిక్కు ఉంది. తుంపర అట్టను చేరేలోపే సగం ఆరిపోయి, పూత మీద చేయి వేస్తే సన్నటి ఇసుక చల్లినట్టు గరగరలాడుతుంది. దూరం విషయంలో నాకు కుదిరింది 25 నుంచి 30 సెంటీమీటర్లు. తడిసీ తడవనంత పలుచగా కొట్టి, పావుగంట ఆగి మళ్లీ కొట్టాలి. ఒకేసారి దట్టంగా కొడితే అట్ట నూనె పీల్చిన కాగితంలా మచ్చలు పడుతుంది, ఆ మచ్చలు ఇక పోవు.

మెరుపు లేని మ్యాట్ పూత కాగితపు నమూనాలకు అందం. కానీ ఆ మెరుపు చంపేది అందులో కలిపిన సన్నటి సిలికా పొడి. డబ్బాను నిజంగానే రెండు నిమిషాలు ఊపకపోతే ఆ పొడి ముద్దలుగా వచ్చి పడుతుంది. మూడు నాలుగు వరసలు మ్యాట్ కొడితే నలుపు, ముదురు నీలం రంగులు వెలసినట్టు కనిపిస్తాయి. నేను రెండు వరసలు మెరిసే రకం కొట్టి, చివర ఒక్క వరస మాత్రమే మ్యాట్ కొడుతున్నాను.

మిగతా పూతల సంగతి క్లుప్తంగా చెబుతాను. నీళ్లు కలిపిన తెల్ల జిగురును కుంచెతో రాయడం చవక గాని, అట్ట వంకర తిరుగుతుంది, ఇంకుజెట్ రంగులు కుంచె వెంట సాగుతాయి. నీటి ఆధారిత యాక్రిలిక్ వార్నిష్ మంచిదే. ముందు ఒక వరస స్ప్రే కొట్టి రంగును కట్టేసిన తరువాత మాత్రమే రాయాలి. బల్లలకు కొట్టే ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లాకర్‌ను మేస్త్రీ గన్‌తో ఒక గుడి నమూనాకు కొట్టించాను. కొట్టిన రోజు గాజులా ఉంది, మూడో ఏటికి తెల్ల గోపురం పసుపు నీళ్లలో ముంచినట్టయింది. లక్కతో చేసే స్పిరిట్ పాలిష్ మొదటి నుంచే తేనె రంగు ఇస్తుంది, పైగా స్పిరిట్‌కు కొన్ని ఇంకులు కరిగిపోతాయి. ముఖభాగానికి అది పనికిరాదు. లోపలి వైపు మాత్రం అదే నాకు అక్కరకొచ్చింది.

ధవళేశ్వరం బ్యారేజీ నమూనా పాడయ్యాకే అసలు విషయం తెలిసింది. కాటన్ దొర 1847, 1852 మధ్య కట్టించిన పాత ఆనకట్ట స్థానంలో వచ్చిన ఆ బ్యారేజీకి 175 గేట్లు ఉన్నాయి; నేను పన్నెండు గేట్ల ముక్క చేసి, మూడు వరసల పూత వేసి, బీరువాలో పెట్టాను. రెండు వానాకాలాలు గడిచాక స్తంభాలు ఒక పక్కకు ఒరిగాయి. ఒక స్తంభాన్ని బ్లేడుతో నిలువునా కోసి చూశాను. ముఖం మీద రంగు తొలినాటి మాదిరిగానే నిగనిగలాడుతోంది. లోపల మాత్రం బూడిద రంగు బూజు పట్టింది, కత్తిరించిన అంచు దగ్గర అట్ట పొరలు పొరలుగా విచ్చుకుంది. చెమ్మ ముఖం గుండా రాలేదు. నేను పూత వేయని అంచుల నుంచి, కింద తెరిచి ఉంచిన అడుగు నుంచి దర్జాగా లోపలికి వెళ్లింది. అదే బీరువాలో, అసలు స్ప్రే తగలని గోదావరి లాంచీ నమూనా ఒకటి నాలుగు వానాకాలాలు తట్టుకుని నిటారుగా ఉంది. దాని అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దడం కోసం ఎప్పుడో ఇన్‌స్టంట్ జిగురుతో తడిపి గట్టిపరిచాను. రంగు వెలిసింది, ఆకారం మాత్రం చెక్కుచెదరలేదు.

అప్పటి నుంచి నా లెక్క మారింది. ముక్క కత్తిరించగానే అంచుకు రంగు పెన్సిల్‌తో రంగు అద్ది, సూది మొనతో ఇన్‌స్టంట్ జిగురు పలుచగా పారిస్తాను. ఎక్కువైతే దాని ఆవిరి ముద్రణ మీద తెల్లటి పొగలా పేరుకుంటుంది. కారిన జిగురును నూలుగుడ్డతో తుడవబోతే చెయ్యి చురుక్కుమంటుంది, ఎందుకంటే ఆ జిగురు నూలు తగిలితే వేడెక్కుతుంది. జోడించిన తరువాత, అడుగు మూసే ముందు, లోపలి గోడలకు స్పిరిట్ పాలిష్ రెండు వరసలు రాసి, పూర్తిగా ఆరిన పొడి రోజున మాత్రమే అడుగు అట్ట అతికిస్తాను. ఈ పద్ధతిలో చేసిన పదకొండింటిలో ఒక్కటీ ఇంతవరకు ఒరగలేదు. మూడు వానాకాలాలు చూసినవి వాటిలో నాలుగే అన్నది కూడా చెప్పాలి.

ముద్రణ గురించి ఒక మాట. ఇంకు ట్యాంకు ప్రింటర్లలో చాలావాటికి రంగులు నీటిలో కరిగే డై రకం. తడి వేలితో షీటు మూల రుద్దితే తెలిసిపోతుంది. అటువంటి షీటును ఒక రోజు ఆరబెట్టి, కత్తిరించక ముందే రెండు పలుచని వరసలు కొట్టాలి. అతికించే చెవులను ముందు కాగితపు టేపుతో మూసి ఉంచాలి, లేదంటే తెల్ల జిగురు వాటిని పట్టదు. మరచిపోతే గరుకు కాగితంతో పూత గీకేయడం తప్ప దారి లేదు. లేజర్ ముద్రణ నీటికి చెదరదు గాని, మడత దగ్గర టోనరు (లేజర్ ప్రింటరు రంగు పొడి) పెచ్చులుగా లేచి తెల్లగీత పడుతుంది, ఏ పూతా దాన్ని దాచలేదు. మడిచాక రంగు పెన్సిలే గతి.

ఎండను ఆపుతుందని చెప్పే పూత కూడా కొన్నాను. ఒకే షీటును మూడు పట్టీలుగా కోసి, ఒకదానికి ఆ పూత, ఒకదానికి మామూలు పూత వేసి, మూడోది ఖాళీగా వదిలి, పడమటి కిటికీ ఊచలకు ఒక వేసవంతా కట్టాను. పెంకుల ఎరుపు మూడింటిలోనూ వెలిసింది. ఆ ప్రత్యేక పూత వేసినది కొంచెం ఆలస్యంగా వెలిసింది, అంతే. దానికి పెట్టిన డబ్బుతో బీరువాకు ఒక తెర కొనుక్కోవచ్చని మా ఆవిడ అంది. ఇప్పుడు బీరువాకు తెర ఉంది.

స్ప్రే డబ్బాలోని వాయువు మండే రకం కాబట్టి కట్టెల పొయ్యి, దీపం, బీడీ ఉన్న చోట, తాటాకు పాకలో వాడకండి. మూతికి గుడ్డ చాలదు, ఆవిరిని ఆపే మాస్కు కావాలి. మా పక్క కొబ్బరిపీచు మిల్లు నడిచే వేళల్లో నేను కొట్టను, ఆ నూగు వచ్చి తడి పూత మీద వాలుతుంది. రాత్రి లైటు కింద కొడితే నూగు బదులు పురుగులు వాలతాయి. హేవలాక్ వంతెన రెండో స్పాన్ మీద రెక్కలతో సహా అలాంటిది ఒకటి నాలుగేళ్లుగా ఉంది. దాన్ని పీకితే కింద ముద్రణ కూడా ఊడి వస్తుందని అలాగే వదిలేశాను.