గోబర్ గ్యాస్‌తో తొమ్మిదేళ్ళు: అంతా బాగుంది, ఆ పైపు తప్ప

గోబర్ గ్యాస్ పెట్టించుకుందామా అని అడిగేవాళ్ళంతా గుంత గురించే అడుగుతారు. ఎన్ని గేదెలుండాలి, ఎంత చోటు పడుతుంది, సబ్సిడీ వస్తుందా, వాసన కొడుతుందా అని. గ్యాస్‌ను వంటింటికి తెచ్చే పైపు గురించి ఒక్కరూ అడగరు. తొమ్మిదేళ్ళ కిందట నేనూ అడగలేదు. అందుకే ఇందులో సగం పైపు గోలే ఉంటుంది, ఓపిక పట్టండి.

మాది రోజుకు రెండు క్యూబిక్ మీటర్ల గ్యాస్ ఇచ్చే దీనబంధు రకం. ఇటుకలతో డోమ్ కట్టి పైన మట్టి కప్పేస్తారే, 1984లో వచ్చిన ఆ మోడలే. మా పెదనాన్న వాళ్ళ దొడ్లో అంతకు ముందు ఇనుప డ్రమ్ము తేలే పాత రకం ఉండేది. ఆ డ్రమ్ము తుప్పు పట్టి చిల్లులు పడటం కళ్ళారా చూశాను కాబట్టి ఇనుము లేనిదే కావాలని పట్టుబట్టాను. ఆ పట్టుదల మంచిదే అయింది. మా డోమ్ ఈ రోజుకీ మొరాయించలేదు.

మొదట్లో నా ఉత్సాహం అంతా ఇంతా కాదు. గుంత మొదటిసారి నింపడానికి చుట్టుపక్కల ఇళ్ళ నుంచి ట్రాక్టరుతో పేడ తోలించాం. మొదట వచ్చిన గ్యాస్ అంటుకోనే లేదు. అందులో గాలి, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువుంటాయి, వదిలేయమన్నారు. ఆ తర్వాత నీలం మంట వచ్చిన రోజు అమ్మ దాని మీద పాలు పొంగించింది. ఇక పెళ్ళికెళ్ళినా పేరంటానికెళ్ళినా నాది ఒకటే పాట, 'మేం సిలిండర్ బుక్ చేసి ఎన్నాళ్ళయిందో!' నిజానికి సిలిండర్ ఇంట్లోంచి ఎప్పుడూ బయటికి పోలేదు. చుట్టాలొస్తే అదే, డిసెంబర్ చలికి గుంత మందగిస్తే అదే. రెండు క్యూబిక్ మీటర్ల గ్యాస్ దాదాపు 900 గ్రాముల ఎల్‌పీజీతో సమానం అంటారు. అంటే పదహారు రోజులకో సిలిండర్ మిగలాలి. కానీ దానికి రోజూ 50 కిలోల పేడ, అన్ని నీళ్ళు పడాలి. నాలుగు గేదెలున్న మొదటి రెండేళ్ళలోనే మాకు ఆ లెక్క దగ్గరగా కుదిరింది.

అసలు కథ ఐదో ఏట వానాకాలంలో మొదలైంది. మంట ఊగడం మొదలుపెట్టింది. ఒకసారి జానెడు లేస్తుంది, మరుక్షణం ఆరిపోయేలా ముడుచుకుంటుంది, మళ్ళీ లేస్తుంది. పొయ్యిలోంచి గుడగుడమని చప్పుడు. బర్నర్ పాడైందనుకుని విప్పి రుద్దాను. పేడ చాలలేదనుకుని రెండు తట్టలు ఎక్కువేశాం. దొడ్డి ఫినాయిలుతో కడిగిన నీళ్ళు ఇన్‌లెట్‌లోకి పోయాయేమో, పేడను గ్యాస్‌గా మార్చే లోపలి సూక్ష్మజీవులు చచ్చాయేమో అని మా ఆవిడతో గొడవ కూడా పెట్టుకున్నాను. మూడు వారాలకు మంట పూర్తిగా ఆగిపోయింది.

మేస్త్రీని పిలిచాం. చూసీ చూడగానే 'డోమ్ పగులిచ్చిందండీ, గుంత ఖాళీ చేసి లోపల మళ్ళీ ప్లాస్టింగ్ చెయ్యాలి, పన్నెండు వేలవుద్ది' అన్నాడు. ఇద్దరు కూలీలను పెట్టి పైన మట్టంతా తీయించాను. సబ్బు నీళ్ళు పోసి చూశాం (దయచేసి అగ్గిపుల్లతో మాత్రం వెతక్కండి). ఒక్క బుడగ రాలేదు. అయినా సరే, 'లోపల్లోపల పోతుంటది' అంటాడు మేస్త్రీ.

అప్పుడు అమ్మ అవుట్‌లెట్ తొట్టి దగ్గర నిలబడి ఒక మాట అంది. 'గ్యాసే లేకపోతే ఈ పేడనీళ్ళు అంచుదాకా ఎందుకొచ్చాయిరా? వంటయ్యాక కిందికి దిగేవి కదా.'

నాకు నోట మాట రాలేదు. ఈ రకం గుంత పనిచేసేదే అలా. లోపల గ్యాస్ పెరిగేకొద్దీ పేడనీళ్ళను అవుట్‌లెట్‌లోకి నెడుతుంది, మనం వాడుకునేకొద్దీ అవి కిందికి జారతాయి. తొట్టి నిండుగా ఉందంటే గ్యాస్ లోపలే ఉంది, దారే లేదు. నేను పుస్తకంలో చదివింది అమ్మ రోజూ చూస్తూనే ఉంది.

గుంతకూ వంటింటికీ మధ్య ఇరవై మీటర్ల పైపు. కొట్టం పక్కన ట్రాక్టరు తిరిగే చోట భూమి కుంగి పైపు వంగిపోయింది. గ్యాస్‌తో పాటు వచ్చే ఆవిరి చల్లబడి నీరై, ఆ వంపులో చేరింది. అక్కడ కోశాం. కుళ్ళిన గుడ్డు కంపుతో నల్లటి నీళ్ళు, ఒక చెంబెడు. అంతే! ఆ సాయంత్రానికి మంట వచ్చేసింది. పైపును వాలుగా సరిచేసి, అట్టడుగు చోట ఒక టీ (మూడు నోళ్ళుండే పైపు ముక్క), నీళ్ళు వదిలేయడానికి దానికో మూత పెట్టించాను. సామానుకు రెండొందలు కూడా కాలేదు. కట్టినప్పుడే ఈ మూత పెట్టాల్సింది. పెట్టలేదు, చెప్పనూ లేదు. ఆ కోపం నాకు ఇంకా పోలేదు.

స్లర్రీ, అంటే గ్యాస్ పోయాక గుంతలోంచి బయటికొచ్చే పేడనీళ్ళు, మాత్రం బంగారం. వంకాయ మడికి పారించాక పచ్చి పెంట వేసినప్పటంత కలుపు రాలేదు. కాకపోతే తడి స్లర్రీని పొలానికి మోయడం మా వల్ల కాలేదు, ఎండబెట్టుకుంటున్నాం. దూరం పొలాలున్నవాళ్ళు ఇది ఆలోచించుకోండి.

పెట్టించుకోమంటారా అంటే, మాలాగా ఇంటి వెనకే కొట్టం, నీళ్ళున్న బోరు, కనీసం మూడు గేదెలు ఉంటే సరే అంటాను. మాకిప్పుడు రెండే మిగిలాయి, పొద్దుటి కాఫీలకూ అన్నానికీ గ్యాస్ సరిపోతోంది, మిగతా అంతా సిలిండరే. పాడి వదిలేసే ఆలోచన ఉన్నవాళ్ళకు నేనైతే చెప్పను. మా వీధిలో రెండు గుంతలు అలాగే ఎండిపోయి కోళ్ళ పాలయ్యాయి.

ఇంకో మాట. 'పేడ కలపడం ఎంతసేపు, పావుగంట పని' అని నేను చాలామందికి చెప్పాను. అప్పట్లో కలిపేది అమ్మ. రెండేళ్ళుగా ఆవిడకు మోకాళ్ళ నొప్పులు, ఆ పని నాకొచ్చింది. రాళ్ళూ గడ్డీ ఏరి, ఉండల్లేకుండా కలిపి, తొట్టి కడిగేసరికి ముప్పావుగంట పడుతోంది.