నెలవారీ పోస్టుల ప్యాకేజీ: కడియం నర్సరీకి ఎంతవరకు పనికొచ్చింది?

కడియం, కడియపులంక, వేమగిరి పరిసరాల్లో వరుసగా కనిపించే నర్సరీలలో మాది ఒక మధ్యరకం నర్సరీ. మా టోకు వ్యాపారం ఎప్పటిలాగే ఫోన్ల మీదా లారీల మీదా నడుస్తున్నది. పెరటికో మిద్దెతోటకో నాలుగైదు మొక్కలు కొనే చిల్లర ఖాతాదారులను పెంచుకోవాలన్న ఉద్దేశంతో ఒక డిజిటల్ మార్కెటింగ్ సంస్థ వద్ద నెలవారీ ప్యాకేజీ తీసుకున్నాము. నెలకు 12 వేల రూపాయలకు ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్‌లలో 12 పోస్టులు, 4 రీల్స్, వ్యాఖ్యలకు సమాధానాలు, గూగుల్ మ్యాప్స్‌లో మా వివరాల నిర్వహణ వారి బాధ్యత. ప్రకటనల ఖర్చు విడిగా మాది. ఒక తొలకరి నుంచి మరుసటి తొలకరి దాకా ఈ సేవను చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు ఇవ్వడం లేదు, ఎందుకంటే ఇక్కడ చెప్పబోయే లోపాలలో చాలావరకు వేరే సంస్థలను నమ్ముకున్న తోటి నర్సరీలవారూ చెబుతున్నవే.

ముందుగా బాగున్నది చెప్పాలి. చిత్రీకరణలో వారికి వంక పెట్టలేము. ఎండ ముదరక ముందే వచ్చి, నీళ్ళు పట్టిన వెంటనే ఆకుల మీద తడి ఆరకుండా ఫొటోలు తీసేవారు. వారు చేసిన రీల్స్‌లో అన్నిటికంటే ఎక్కువమంది చూసినది మామిడి అంటు కట్టే రీల్. అందులో మా పనివాడి ముఖం కూడా కనిపించదు, చేతులు మాత్రమే కనిపిస్తాయి. టెంక నుంచి మొలిచిన మొక్క లేత కాండాన్ని అడ్డంగా కోయడం, దాన్ని నిలువుగా చీల్చడం, బంగినపల్లి కొమ్మ చివరను ఉలి మొనలా రెండు వైపులా చెక్కి ఆ చీలికలోకి దించడం, పాలిథీన్ పట్టీతో గాలి చొరకుండా బిగించి ముడి వేయడం, అంతా నిమిషంలోపే అయిపోతుంది. దాని కింద వచ్చిన ప్రశ్నలన్నీ కొనేవారి ప్రశ్నలే: ఎన్నేళ్ళకు కాపుకొస్తుంది, కుండీలో పెరుగుతుందా, అంటు కింద వచ్చే చిగుళ్ళను తీసేయాలా అని. మొక్కల వ్యాపారానికి ఇంతకు మించిన ప్రకటన ఉండదని నా అభిప్రాయం, ఎందుకంటే చూసినవారికి ధరలోని శ్రమ ఏమిటో అర్థమవుతుంది.

ఇక అసలు లోపం పోస్టుల క్యాలెండరులో ఉన్నది. నగల దుకాణానికీ బట్టల దుకాణానికీ తయారు చేసిన పండుగల పట్టికనే తెచ్చి మా పేరు మీద అమలు చేశారు. దసరా నాడు దసరా శుభాకాంక్షలు, సంక్రాంతి నాడు ముగ్గు బొమ్మ, మూలన మా లోగో. పండుగ నాడు బంతిపూల ఫొటో పెడితే చూసినవారు పూల కొట్టుకు వెళ్తారు గానీ నర్సరీకి రారు. బంతి నారు నాటిన సుమారు రెండు నెలలకు గానీ పూతకు రాదు కాబట్టి, దసరాకు పూలు కోసుకోవాలనుకునేవారికి ఆ మాట జూలైలోనే చెప్పాలి. చామంతి పగటి పొద్దు తగ్గిన తరువాత పూసే మొక్క; చలికాలంలో పూలు కావాలంటే వానాకాలంలోనే మొక్క కుదురుకోవాలి, కనుక దాని పోస్టు జూన్‌లోనే రావాలి. మామిడి పండ్ల ఫొటోలకు మే నెలలో లైకులు కుప్పలుగా వస్తాయి, కానీ ఆ ఎండలో అంటు నాటేవారు అరుదు. పండ్ల ఫొటోను దాచి ఉంచి, తొలకరి పడగానే అంటు మొక్క ఫొటో పక్కన పెట్టి విడుదల చేస్తే ఫోన్లు మోగుతాయి. కొనుగోలు జరిగే రోజుకూ మొక్క ఫలితం ఇచ్చే రోజుకూ మధ్య ఇంత దూరం ఉండే వ్యాపారం మాది. ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకోని పోస్టు ఎంత అందంగా ఉన్నా గోడమీది బొమ్మ కిందే లెక్క.

ఈ విషయం పట్టుబట్టి చెప్పిన తరువాత వారు పట్టికను మార్చారు, ఆ మార్పు ఫలితం వినాయక చవితికి కనిపించింది. పండుగకు మూడు వారాల ముందు 21 పత్రుల వరుస మొదలుపెట్టి మారేడు, జమ్మి, మాచిపత్రి, మరువం, విష్ణుక్రాంతం, వావిలి వంటి మొక్కలను రోజుకొకటి చొప్పున చూపించాము. ఆకు దగ్గరి ఫొటో, మొక్క మొత్తం ఫొటో, కుండీలో పెంచవచ్చా లేక నేల కావాలా అన్న ఒక్క వాక్యం, అంతే. నగరాల్లో పత్రిని కట్టలుగా కొనుక్కునే కుటుంబాలు ఏటా కోసుకోవచ్చునని మొక్కలనే తీసుకువెళ్ళాయి. కార్తీకానికి ఉసిరితో, ఉగాదికి ముందు వేపతో ఇదే పద్ధతిలో చేశాము గానీ, అపార్ట్‌మెంటులో ఉండేవారు వేప మొక్కను ఏం చేసుకుంటారని ముందే ఆలోచించి ఉండవలసింది ఆ సంస్థే.

తొలి నెలల్లో మరో తలనొప్పి అరువు ఫొటోలది. ఇంటర్నెట్‌లో దొరికే ట్యులిప్, లావెండర్ తోటల చిత్రాలు మా పేజీలో దర్శనమిచ్చాయి. గోదావరి డెల్టా ఉక్కపోతలో నిలవని ఆ మొక్కలు కావాలని ఫోన్ చేసినవారికి లేవని చెప్పడంతోనే మా సమయం గడిచింది. సినిమా పాటలు పెట్టిన కొన్ని రీల్స్‌కు శబ్దం పోయింది. వ్యాపార ఖాతాలకు ఇన్‌స్టాగ్రామ్‌లో ఆ పాటల వాడకంపై పరిమితులు ఉన్నాయన్నది ఈ పనిలో ఉన్నవారికి తెలియని సంగతి కాదు.

వ్యాఖ్యలకు సమాధానం ఇచ్చే విషయంలో నేను ఎక్కువ మార్కులు వేయలేను. ధర ఎంత అని అడిగిన ప్రతివారికీ ‘ఇన్‌బాక్స్ చేయండి’ అని రాయడం వారి అలవాటు. మొక్క ధర ఎత్తును బట్టీ కవరు సైజును బట్టీ మారుతుంది, నిజమే. కానీ రెండు సైజులకు రెండు ధరలు రాయడానికి చోటు లేకపోదు. అంతకంటే బాధ కలిగించినది ఫిర్యాదుల తొలగింపు. పార్సెల్‌లో గులాబీ తెప్పించుకున్న ఒకావిడ ‘మూడు రోజులకే ఆకులన్నీ రాలిపోయాయండీ, ఇది మోసం కాదా’ అని రాస్తే ఆ వ్యాఖ్యను తీసివేశారు. నేను ఆవిడకు ఫోన్ చేసి కనుక్కుంటే, మొక్క అందిన రోజే కుండీ మార్చి నేరుగా ఎండలో పెట్టారని తెలిసింది. ప్రయాణం చేసిన మొక్కను వారం పది రోజులు నీడపట్టున ఉంచి, కొత్త చిగురు కనిపించిన తరువాతే కుండీ మార్చాలన్న సమాధానం ఆ వ్యాఖ్య కిందే ఉండి ఉంటే, దానివల్ల మరెందరి మొక్కలో బతికేవి.

ఖర్చుకు తగిన రాబడి కచ్చితంగా కనిపించినది మాత్రం గూగుల్ మ్యాప్స్‌లో. దేవుళ్ళ పేర్లు పెట్టుకున్న నర్సరీలు పక్కపక్కనే ఉన్న చోట కారులో వచ్చే కుటుంబానికి ఏది ఏదో తెలియదు. మా గుర్తును సరిగ్గా గేటు దగ్గరకు జరిపి, ఆదివారం వేళలు చేర్చి, కారు నిలిపే స్థలం ఫొటో పెట్టిన తరువాత దారి అడుగుతూ వచ్చే ఫోన్లు తగ్గాయి, మనుషులు పెరిగారు. పైకి మెరిసే పని కాదు గనుక దీన్ని ప్యాకేజీ వివరాల్లో చివరి వరుసలో రాస్తారు.

వాట్సాప్ ఈ ప్యాకేజీలో లేకపోవడం పెద్ద వెలితి. ఒకసారి కొన్నవారు మళ్ళీ వచ్చేది అక్కడి నుంచే. ఒకే సందేశాన్ని చాలామందికి విడివిడిగా పంపే బ్రాడ్‌కాస్ట్ జాబితా ఒక్కోదానిలో 256 మందికి మించి చేర్చలేము, పైగా మన నంబరును తమ ఫోన్‌లో దాచుకున్నవారికే సందేశం చేరుతుంది. అందుకని బిల్లు ఇచ్చేటప్పుడే నంబరు సేవ్ చేయించుకోవడం, మిద్దెతోటల వారికీ పండ్ల మొక్కల వారికీ వేర్వేరు జాబితాలు పెట్టుకోవడం మేమే మొదలుపెట్టాము. టోకు కొనుగోలుదారుకు కూడా రీల్ అక్కరలేదు. మనిషి పక్కన నిలబడిన మొక్క ఫొటో, కవరు సైజు, ఎన్ని సిద్ధంగా ఉన్నాయన్న లెక్క వాట్సాప్‌లో పంపితే బేరం అక్కడే మొదలవుతుంది. పూర్తిగా టోకు మీదే ఆధారపడిన నర్సరీలు ఈ ప్యాకేజీ జోలికి వెళ్ళనవసరం లేదు.

ఐదింటికి మూడు మార్కులు ఇస్తున్నాను. చిత్రీకరణ, మ్యాప్స్ పనులను మాత్రం తక్కువ ధరకు కొనసాగిస్తూ, పోస్టుల పట్టికను, వ్యాఖ్యల సమాధానాలను మా చేతిలోకి తీసుకున్నాము. ఇటువంటి సేవ తీసుకోదలచినవారు డబ్బు కట్టే ముందు ఒక సంగతి రాతపూర్వకంగా తేల్చుకోవాలి: పేజీ, ప్రకటనల ఖాతా, మ్యాప్స్ వివరాలు మీ సొంత ఈమెయిల్ మీదే తెరవాలి, సంస్థకు నిర్వహణ అనుమతి మాత్రమే ఇవ్వాలి. మా ఫేస్‌బుక్ పేజీని వారి ఖాతా మీద తెరిచి ఉండడం వల్ల దాని హక్కులను మా పేరుకు మార్పించుకోవడానికి ఫోన్ల మీద ఫోన్లు చేయవలసి వచ్చింది.