ఇంటి స్విమ్మింగ్ పూల్‌కి క్లోరిన్ బిళ్ళలా, పొడా, లిక్విడా, ఉప్పు మిషనా... మన బోరు నీళ్ళకి ఏది మేలు?

మా బావ ఒంగోల్లో ఇల్లు కట్టుకునేటప్పుడు పిల్లలు గోల చేస్తే పెరట్లో చిన్న పూల్ కట్టించాడు, 24 అడుగుల పొడవు, 12 వెడల్పు, 4 అడుగుల లోతు, లెక్కేస్తే 32 వేల 600 లీటర్లు దాకా వచ్చుద్ది. కట్టినాయన పోతా పోతా ఒక డబ్బా తెల్ల బిళ్ళలు చేతికిచ్చి తేలే డబ్బాలో ఇవి వేస్తా ఉండండి సార్ ఇంకేం చూడక్కర్లా అన్నాడంట. రెండు నెలలు అద్దంలాగే ఉంది. మూడో నెల, సరిగ్గా రోహిణి కార్తెలో, పొద్దున లేచి చూస్తే నీళ్ళు పచ్చగా పాకుడు తిరిగి ఉండాయి. చిత్రం ఏందంటే నీళ్ళు పరీక్ష చేసే కిట్‌తో చూస్తే క్లోరిన్ నిండుగా చూపిస్తంది.

నాకు ఫోన్ చేశాడు, ఎందుకంటే నేను కొత్తపట్నం కాడ రొయ్యల చెరువులు చేసినోడిని గదా, నీళ్ళంటే నాకు తెలుసని ఆయన నమ్మకం. చెరువులో మనకి నీళ్ళు రంగు తిరగాల, పూల్‌లో తిరగకూడదు, అంతకు మించి తేడా లేదనుకుని పోయా. పోయాక తెలిసింది తేడా చాలానే ఉందని. చెరువుకి బ్లీచింగ్ ఒకసారి కొడతాం, ఆ తర్వాత పిల్ల వదుల్తాం, పంట అయిపోయాక నీళ్ళు పోతాయి. పూల్‌లో నీళ్ళు ఏళ్ళ తరబడి అవే, పైన ఆవిరైపోయినంత మళ్ళీ పోస్తా ఉంటాం. ఆవిరయ్యేది నీళ్ళే, అందులో కలిసినవి పోవు. అందుకని నన్నడిగితే ఏ క్లోరిన్ మంచిది అని కాదు అడగాల్సింది, క్లోరిన్ పని చేసి పోయాక దాని వెనకాల ఏం మిగుల్తుంది, అది మన నీళ్ళలో ముందే ఎంత ఉంది అని అడగాల.

బిళ్ళల సంగతి ముందు చెప్తా, అందరిళ్ళల్లో అవే కాబట్టి. ఇవి ట్రైక్లోర్, 90 శాతం క్లోరిన్ బలం ఉంటది, 200 గ్రాముల బిళ్ళ తేలే డబ్బాలో వేస్తే రోజుల తరబడి నిదానంగా కరుగుద్ది, మనం ఊరికి పోయినా దాని పని అది చేసుకుంటా ఉంటది. ఈ సుఖం వేరే దేంట్లోనూ లేదు, ఒప్పుకోవాల. కానీ క్లోరిన్‌తో పాటు సయన్యూరిక్ ఆసిడ్ కూడా నీళ్ళలోకి దిగుద్ది. 10 పీపీఎం (పీపీఎం అంటే లీటరు నీళ్ళకి ఒక మిల్లీగ్రాము) క్లోరిన్ పోస్తే 6 పీపీఎం ఇది మిగుల్తుంది. ఇది చెడ్డది కాదు, అసలు ఇది లేకపోతే మన ఎండకి క్లోరిన్ రెండు మూడు గంటల్లో ఎగిరిపోద్ది, క్లోరిన్‌కి గొడుగు లాంటిది అనుకోండి. 30 నుంచి 50 దాకా ఉంటే బంగారం. దాటితే మాత్రం క్లోరిన్‌ని గట్టిగా పట్టేసుకుని పని చెయ్యనీదు, ఆ ఆసిడ్ లెక్కలో 7-8 శాతం క్లోరిన్ అయినా ఎప్పుడూ ఉండాల, అంటే 40 ఉంటే 3 పీపీఎం సరిపోద్ది, 100 ఉంటే 7-8 కావాల. రోజుకి 2 పీపీఎం క్లోరిన్ ఖర్చనుకుంటే నెలకి ఆ ఆసిడ్ 36 పీపీఎం చేరుద్ది, మూడు నెలలకి 100 దాటుద్ది. మా బావ పూల్‌లో జరిగింది అచ్చంగా ఇదే. కిట్‌లో క్లోరిన్ ఉంది, కట్టేసిన కుక్కలాగా.

దీనికి నమ్మకంగా పని చేసే విరుగుడు మందు లేదు, నీళ్ళు తీసి కొత్తవి పొయ్యాల్సిందే. మే నెలలో, ఒంగోల్లో, సగం పూల్! ట్యాంకర్లు తోలించాం, 5 వేల లీటర్లవి మూడు సరిపోక నాలుగోది కూడా. మా అక్క ఆ రోజు ఇద్దరినీ చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. రేటు చూసి బిళ్ళలు చవక అనేవాళ్ళు ఈ ట్యాంకర్ల డబ్బులు కూడా అందులో కలిపి చూడాల.

సరే పొడి. పొడుల్లో రెండు రకాలు, కలిపేసుకోబాకండి. పంచాయతీ వాళ్ళు బావుల్లో చల్లేది, చెరువులకి మనం వాడేది మామూలు బ్లీచింగ్, 30-35 శాతం, మిగతాదాంట్లో సున్నం ఎక్కువ. నా దగ్గర పాత మూట ఒకటి ఉంటే బావా ఇది వేద్దాం ఫ్రీగా అని వేశా, పూల్ అంతా పాలు పోసినట్టయి అడుగున తెల్ల మడ్డి పేరుకుంది, రెండు రోజులు చీపురుతో తోసి ఫిల్టర్ కడుక్కోవడమే సరిపోయింది, పైగా మా సముద్రపు గాలికి ఆ మూట ఎప్పుడో బలం పోయి ఉంది. పూల్‌కి అమ్మేది వేరే, గుళికల్లాగా ఉంటది, 65-70 శాతం, కాల్షియం హైపోక్లోరైట్. బాగానే కరుగుద్ది, ఒక్కసారిగా గట్టి డోసు ఇవ్వాలంటే మంచిదే. దీని వెనకాల మిగిలేది కాల్షియం, 10 పీపీఎం క్లోరిన్‌కి 7 పీపీఎం గట్టిదనం పెరుగుద్ది. రోజూ ఇదే వాడితే నెలకి 40 పైనే.

పూల్‌లో కాల్షియం 200 నుంచి 400 మధ్య ఉంటే చాలు. మరి మన బోర్లు? బావ వాళ్ళ బోరు నీళ్ళు రొయ్యల చెరువుల నీళ్ళు చూసే ఆక్వా ల్యాబ్‌లో చూపిస్తే పొయ్యకముందే 500 దాటి ఉండాయి. కనిగిరి, పొదిలి వైపు చుట్టాల ఇళ్ళల్లో గీజరు కాయిలు, కొళాయి మూతి చూసినోళ్ళకి నేను చెప్పేది అర్థమయిద్ది, తెల్లగా గట్టిగా పొలుసు. అలాంటి నీళ్ళకి మళ్ళీ కాల్షియం పోయడమంటే షుగరున్నోడికి లడ్డూ పెట్టినట్టే, టైల్స్ గీత వెంబడి గార కడుద్ది. అదే నెల్లూరు టౌన్‌లో కొళాయి నీళ్ళతో నింపుకునేవాళ్ళకి చూపిస్తే 150 లోపు వచ్చిందనుకోండి, అప్పుడు ఇదే పొడి మంచిది, కాల్షియం మరీ తక్కువైతే నీళ్ళు సిమెంటు గోడ నుంచే లాక్కుంటాయి.

లిక్విడ్ అంటే సోడియం హైపోక్లోరైట్, క్యాన్లలో వచ్చుద్ది, 10-12 శాతం. దీని వెనకాల మిగిలేది ఉప్పు, అంతే. నెలకి 100 పీపీఎం దాకా చేరుద్ది గానీ ఈతకి అది లెక్కే కాదు. మా బావ పూల్‌కి రోజుకి 650 మిల్లీ లీటర్లు పోస్తే 2 పీపీఎం వచ్చుద్ది, సాయంత్రం ఎండ దిగాక మోటరు తిరుగుతుండగా నీళ్ళు వచ్చే చోట పోస్తే సరి. బాధలు లేకపోలేదు. క్యాన్లు బరువు, ఒలికితే చొక్కా గోవిందా, ఎండాకాలం రేకుల షెడ్డులో పెడితే నెల తిరిగేసరికి బలం బాగా దిగిపోద్ది, కాబట్టి నీడన పెట్టి కొంచెం కొంచెమే తెచ్చుకోవాల. అన్నిటికన్నా పెద్ద బాధ రోజూ పొయ్యాల. రోజూ అంటే రోజూనే, మన్నాడు పోద్దాంలే అంటే ఎండాకాలం ఊరుకోదు.

ఉప్పు మిషను గురించి మా బావకి ఎవరో బాగా ఎక్కించారు. 3000 పీపీఎం ఉప్పు వెయ్యాల, మనకైతే 98 కిలోలు, రెండు యాభై కిలోల మూటలు, మిషనులో పలకల మధ్య కరెంటు పారి ఆ ఉప్పులోంచే క్లోరిన్ పుట్టుద్ది. నీళ్ళు మెత్తగా ఉంటాయి, రోజూ పోసే పని లేదు, నిజమే. ఇస్కపల్లి నుంచి కళ్ళుప్పు తెచ్చేద్దాం చవగ్గా అన్నాడు, వద్దన్నా. మడి ఉప్పులో మట్టి, మెగ్నీషియం, కాల్షియం అన్నీ ఉంటాయి, అవి నేరుగా పలకల మీదే గడ్డ కడతాయి, శుద్ధమైన ఉప్పే కావాల. మన బోరు నీళ్ళకి ఎట్టాగూ ఆ పలకలు హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌తో కడుగుతానే ఉండాల, పైగా ఈ మిషను పీహెచ్‌ని, అంటే నీళ్ళ పులుపు-క్షారం కొలతని, పైకి నెడతా ఉంటది, కొన్నేళ్ళకి పలకల సెల్లు మార్చాల, అది చౌక కాదు. ఇంకోటి, పూల్ నీళ్ళు తీసినప్పుడు మా అక్క పెరట్లో నిమ్మచెట్లకి పెట్టుద్ది, క్లోరిన్ చచ్చేదాకా రెండు రోజులు ఆగి. ఉప్పు పూల్ నీళ్ళు పెడితే నిమ్మ బతకదు.

పీహెచ్ మాట వచ్చింది కాబట్టి, ఏది వాడినా ఇది తప్పితే అన్నీ దండగే. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగం గట్టిగా పని చేసే రూపంలో ఉంటది, 8కి పోతే పావు వంతుకి దిగిపోద్ది. 7.2 నుంచి 7.6 మధ్య ఉంచండి. మన బోర్లలో ఆల్కలినిటీ, అంటే నీళ్ళలో క్షారాల మోతాదు, ఎక్కువ కాబట్టి పీహెచ్ ఊరికూరికే పైకి పోద్ది, ఆల్కలినిటీ 80-120 పీపీఎంకి దిగేదాకా హైడ్రోక్లోరిక్ ఆసిడ్ వారం వారం కొంచెం పొయ్యాల. మా పూల్‌కి 30 శాతం ఆసిడ్ ముప్పావు లీటరు లోపే పోస్తే 10 పీపీఎం తగ్గుద్ది. ఎప్పుడైనా తక్కువైతే వంట సోడానే, వెయ్యి లీటర్లకి 17 గ్రాములు వేస్తే 10 పీపీఎం పెరుగుద్ది. ఆల్కలినిటీ, గట్టిదనం ఆక్వా షాపు ల్యాబుల్లో చూస్తారు. సయన్యూరిక్ ఆసిడ్‌కి మాత్రం పూల్ కిట్ కొనుక్కోవాల, గొట్టం అడుగున నల్ల చుక్క ఉంటది, కిట్‌లో మందు కలిపిన నీళ్ళు పోస్తా పోతే చుక్క ఎక్కడ కనపడకుండా పోయిందో అక్కడ చదవడమే.

మరి మా బావకి ఏది సాగిందంటే, లిక్విడ్. సగం నీళ్ళు మార్చాక సయన్యూరిక్ 55 దగ్గర ఆగింది, కార్తీకం వానలకి పూల్ పొంగి పొర్లి 40కి వచ్చింది, అక్కడ్నించీ రోజూ లిక్విడే. బిళ్ళలు పారెయ్యలా, తిరపతికో పెళ్ళికో నాలుగు రోజులు పోయేటప్పుడు రెండు వేసిపోతాడు, సయన్యూరిక్ 30 కిందకి దిగినా అవే. కొళాయి నీళ్ళు మెత్తగా ఉండి రోజూ పోసే ఓపిక లేనోళ్ళు పొడి, బిళ్ళలు మార్చి మార్చి వాడుకోవచ్చు. ఉప్పు మిషను బోరు నీళ్ళోళ్ళకి నేనైతే చెప్పను.

మార్చి మార్చి అన్నా కదా, ఒకే డబ్బాలో మాత్రం కాదు నాయనా. బిళ్ళలు వేసిన తేలే డబ్బాలో ఈ పొడి పోసినా, తడి చెంచా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లో పెట్టినా మంట లేచి పేలుద్ది. క్లోరిన్ ఏదైనా సరే ఆసిడ్ తగిలితే విష వాయువే. మా బావ షెడ్డులో ఆసిడ్ ఇటు మూల, క్లోరిన్ అటు మూల, చెంచాలు కూడా వేర్వేరు రంగులు, అది మా అక్క పెట్టిన రూలు.