ఇత్తడి చక్రంతో ఆరేళ్ల తగువు

చెక్కను చిత్రిక పట్టే నా ఐదో నంబరు పోత ఇనుప తోపడా కొలతలన్నీ ఏకరువు పెట్టి ఎవరినీ విసిగించను. ఆరేళ్లుగా నా తగువంతా దాని వెనక ఉండే ఇత్తడి చక్రంతోనే.

కొన్న కొత్తలో ఆ చక్రాన్ని తెగ మెచ్చుకున్నాను. అంతకుముందు చెక్క తోపడాతో పడ్డ అవస్థ అలాంటిది. కత్తిని సుత్తితో తట్టాలి, మేకు బిగించాలి, అడుగున కన్ను పెట్టి చూడాలి, మళ్లీ తట్టాలి. దీనిలో చక్రాన్ని వేలితో కాస్త తిప్పితే కత్తి దిగుతుంది, వెనక్కి తిప్పితే లేస్తుంది. పిడి వదలనక్కరలేదు. ఈ ఏర్పాటు లియోనార్డ్ బెయిలీ అనే ఆయనది. 1869లో స్టాన్లీ సంస్థ ఆయన హక్కులు కొనుక్కుంది, ఆ తర్వాత ఎందరో తయారీదారులు అదే నమూనా పట్టుకున్నారు. నాది అలా మరొకరు చేసినదే. అడిగినవారికల్లా "కళ్లు మూసుకుని కొనుక్కోండి" అని చెప్పేవాడిని. ఇప్పుడైతే కళ్లు తెరిచే కొనమంటాను.

చక్రం నేరుగా కత్తిని కదపదు. మధ్యలో పంగలకర్ర ఆకారంలో ఒక చిన్న ఇనుప ముక్క ఉంటుంది. దాని కాళ్లు చక్రపు గాడిలో, తల కత్తికి బిగించిన పైరేకు కన్నంలో కూర్చుంటాయి. వీటి మధ్య ఎంతో కొంత సందు తప్పదు. నా దానిలో అది ముప్పావు చుట్టు. అంటే దిశ మార్చాక చక్రం ముప్పావు చుట్టు ఊరికే తిరిగితే గాని కత్తిలో చలనం ఉండదు. ఇదేమీ లోపంగా అనిపించలేదు, రెండో ఏడాది అక్క కోసం రాత బల్ల మొదలుపెట్టేదాకా.

పైచెక్క టేకు. మధ్యలో ఒక ముడి, దాని చుట్టూ నార అడ్డదిడ్డంగా తిరిగి ఉంది. కత్తి లోతుగా పడి ముడి దగ్గర చెక్క పీక్కుని వచ్చింది. కంగారుగా చక్రాన్ని వెనక్కి తిప్పి మళ్లీ తోశాను. నాలుగు తోపులకే పొర సన్నబడి, ఆపైన పొట్టే రాలలేదు. కత్తి జారుతోందనుకుని, దాన్ని అదిమి ఉంచే మూత మరను ఒక చుట్టు బిగించాను.

అక్కడే తప్పు చేశాను. చక్రాన్ని వెనక్కి తిప్పి వదిలేస్తే కత్తి వెనక ఆ సందు ఖాళీగా ఉండిపోతుంది. గట్టి చెక్క తగిలినప్పుడు కత్తి ఆ ఖాళీలోకి వెనక్కి పోతుంది. అందుకే ఎంత వెనక్కి తిప్పినా, చివర్లో కాస్త ముందుకు తిప్పి బిగువు తగిలాక ఆపాలి. తోపడాతో వచ్చిన కాగితంలో చేతులు జాగ్రత్త అని మూడుచోట్ల ఉంది గాని, ఈ ఒక్క మాట లేదు.

మూత అంత బిగిశాక చక్రం వేలికి లొంగలేదు. గుడ్డ చుట్టి పట్టకారుతో తిప్పాను. టిక్కుమంది. ఆ తర్వాత చక్రం హాయిగా తిరిగింది, కత్తి మాత్రం ఉన్నచోటే ఉంది. విప్పి చూస్తే పంగ మెడ దగ్గర రెండు ముక్కలై ఉంది. విరిగిన చోట బూడిద రంగు గరుకు పలుకులు. పోత ఇనుమే. మొరటుగా తిప్పింది నేనే, కాదనను. కానీ బలమంతా పడే చోట, వంగకుండా విరిగే లోహం ఎందుకు పెట్టారన్న కోపం ఇంకా పోలేదు.

వేరే పంగ దొరకడానికి మూడు నెలలు పట్టింది. బల్ల అంతవరకు ఆగదు కదా. తోపడాను చదునైన చెక్క మీద పెట్టి, కత్తి అంచు ఆ చెక్కను తాకేలా వదిలి, మూత వేసి, కత్తి తలను చిన్న సుత్తితో ఒక్కసారి తట్టాను. ఏ అవస్థ వద్దని ఇది కొన్నానో మళ్లీ అదే. విచిత్రంగా కత్తి కదలకుండా నిలబడింది. లోతు ఎక్కువైతే మూత విప్పి మొదటికి రావాల్సిందే, ఆ చిరాకు ఉంది. కానీ అలా పదేపదే విప్పడం వల్లనే పైరేకు కత్తి అంచుకు ఒకటిన్నర మిల్లీమీటర్ల దూరంలో ఉందని గమనించాను. దాన్ని అర మిల్లీమీటరు కన్నా దగ్గరికి జరిపేసరికి ముడి చుట్టూ నార లేవడం దాదాపు ఆగిపోయింది. రెండేళ్లుగా కత్తిని ఎంత నూరినా రాని నునుపు అది.

కొత్త పంగ ఉక్కుది. కత్తి ఆనుకునే వాలు దిమ్మలోని సన్న చీలను కొట్టి తీసి నేనే మార్చుకున్నాను. తల కాస్త లావుగా ఉంటే ఆకురాయితో రాశాను. ఇప్పుడు సందు అర చుట్టే.

పెట్టెలోంచి తీసి నేరుగా వాడుకోవచ్చని కూడా అప్పట్లో అన్నాను. అది పూర్తిగా నిజం కాదు. అడుగు చదును కావడానికి గాజు పలక మీద ఎమరీ కాగితం పరిచి రెండు సాయంత్రాలు రుద్దాను.

నాకు చిత్రిక యంత్రం లేదు, ఆదివారం సగం పూట తప్ప తీరిక లేదు, చేసేవన్నీ బల్లలూ అరలూ. అందుకే ఈ 14 అంగుళాల పొడవు నాకు సరిపోయింది. యంత్రం ఉండి చివరి నునుపుకే కావాలనుకునేవారికి దీనికన్నా చిన్నదైన నాలుగో నంబరు చాలేమో. మళ్లీ కొనాల్సి వస్తే బహుశా ఇదే కొంటాను. కొనే ముందు మాత్రం చక్రాన్ని అటూ ఇటూ తిప్పి ఖాళీ చుట్లు లెక్కపెడతాను, పంగ ఉక్కుదో పోతదో అడుగుతాను.

బల్ల బాగుందనే అంటుంది అక్క. ముడి పక్కన ఆ చిన్న గుంటలో మాత్రం రాసేటప్పుడు కలం దిగబడుతోందట.