సంచిలో మూడు టెస్టర్లు: ఆరేళ్ల వాడకం తర్వాత

గుంటూరు జిల్లాలోని ఒక ఇంజినీరింగ్ కళాశాలలో నెట్‌వర్క్ పనులు చూస్తున్న ఈ ఆరేళ్లలో నా సంచిలోకి నెట్‌వర్క్ కేబుళ్లను పరీక్షించే మూడు టెస్టర్లు చేరాయి. మొదటిది ఎనిమిది దీపాలు వరుసగా వెలిగే చిన్న డబ్బా. ధర కొన్ని వందల రూపాయలు. రెండోది కేబుల్ పొడవు చెప్పి, టోనర్‌తో (తీగలోకి శబ్ద సంకేతం పంపి) లైనును వెతికిపెట్టే మధ్యరకం పరికరం. మూడోది సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న లింక్‌రన్నర్ ఏటీ 2000. ఈ మూడూ ఒకే పని చేస్తాయనీ, ధర పెరిగేకొద్దీ సోకులు మాత్రమే పెరుగుతాయనీ నేను మొదట్లో అనుకున్నాను. ఆ అభిప్రాయం ఎలా మారిందో, ఏ పరికరం ఏ సందర్భంలో అక్కరకు వచ్చిందో వివరిస్తాను.

దీపాల డబ్బాను తీసిపారేయనక్కరలేదు. క్రింపింగ్ (కేబుల్ చివర ప్లగ్గు బిగించడం) చేసిన వెంటనే ఏ తీగ తెగిందో, ఏది తారుమారైందో చూడడానికి నేటికీ దాన్నే తీస్తాను. అయితే అది చూసేది ఈ చివరి ఒకటో పిన్ను ఆ చివరి ఒకటో పిన్నును చేరిందా లేదా అన్నంతవరకే. మా ల్యాబులో ఒక కొత్త సహాయకుడు, రెండేసి మెలిపెట్టి ఉన్న రంగుల తీగల జతలను రెండు చివరలా 1-2, 3-4, 5-6, 7-8 వరుసలో పెట్టి క్రింప్ చేశాడు. ఎనిమిది దీపాలూ చక్కగా వెలిగాయి. కానీ ఈథర్‌నెట్‌లో 3, 6 పిన్నులు ఒకే జతకు చెందాలి. అవి వేర్వేరు జతల్లోకి పోయినప్పుడు, ఒకదానినొకటి మెలిపెట్టుకున్న తీగలవల్ల దక్కే రక్షణ పోయి, పక్క జతలోని సంకేతం ఇందులోకి దూరుతుంది. రెండు మీటర్ల ప్యాచ్ కార్డులో (రెండు చివరలా ప్లగ్గులున్న చిన్న కేబుల్‌లో) ఈ తప్పు బయటపడకపోవచ్చు గానీ, నలభై మీటర్ల లైనులో మాత్రం లింకు వస్తూ పోతూ, ఫైళ్లు నత్తనడక నడిచాయి. దీన్ని మధ్యరకం పరికరం 'స్ప్లిట్' (జతలు విడిపోయాయి) అని చూపించేదాకా రెండు రోజులు స్విచ్‌నే, అంటే కేబుళ్లన్నీ వచ్చి కలిసే పెట్టెనే అనుమానించాను.

ఆ మధ్యరకం పరికరాన్ని నేను కొన్నది పొడవు కోసం. అది తీగలోకి ఒక విద్యుత్ స్పందనను పంపి, తెగిన చోటి నుంచి అది తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి దూరాన్ని లెక్కిస్తుంది. మా గ్రంథాలయంలో ఒక లైను చచ్చిపోయినప్పుడు అది మూడు జతలను 58 మీటర్లుగానూ, ఒక జతను 37 మీటర్లుగానూ చూపింది. స్విచ్‌లుండే ర్యాక్ నుంచి కొలుచుకుంటూ పోయి ఆ దూరంలో ఫాల్స్ సీలింగ్ పలక ఎత్తితే, ఎలుక కొరికిన చోటు అరమీటరు తేడాతో దొరికింది. ఆ కచ్చితత్వం ఊరకే రాలేదు. సంకేతం రాగి తీగలో కాంతివేగంలో సుమారు 65 నుంచి 70 శాతం వేగంతో పోతుంది. ఈ శాతం కేబుల్‌ను బట్టి మారుతుంది కాబట్టి, కేబుల్ తొడుగు మీద ముద్రించిన మీటరు గుర్తుల సాయంతో పొడవు తెలిసిన ఒక ముక్కను కొలిచి పరికరాన్ని సరిచేసుకోవాలి. నేను మొదటి ఏడాది ఆ పని చేయక, లేని చోట తెగిన తీగ కోసం రెండు పలకలు పగలగొట్టాను.

ఇంత చెప్పినా, నా పనిలో ఎక్కువ కాలం ఆదా చేసినది పొడవు కొలత కాదు. లింక్‌రన్నర్‌ను గోడలోని పోర్టుకు తగిలిస్తే ఆ లైను ఏ స్విచ్‌లో, ఎన్నో పోర్టులో, ఏ వీల్యాన్‌లో (స్విచ్‌లో విడగొట్టిన ఉప నెట్‌వర్క్‌లో) ఉందో తెర మీద కనిపిస్తుంది. స్విచ్ తన పేరు, పోర్టు చెబుతూ తనంతట తాను పంపే ఎల్ఎల్‌డీపీ, సీడీపీ అనే సందేశాలను అది చదువుతుంది. ఈ సందేశాలు సాధారణంగా 30 లేదా 60 సెకన్లకు ఒకసారి వస్తాయి కనుక కొంచెం ఓపిక పట్టాలి; మేనేజ్‌మెంట్ సదుపాయం లేని చౌక స్విచ్ అయితే ఏమీ చెప్పదు. లేబుళ్లు రాలిపోయిన మూడంతస్తుల భవనంలో ఈ ఒక్క గుణం నాకెన్ని మెట్లు తప్పించిందో లెక్కలేదు. మరోసారి ఒక విభాగమంతా నెట్ లేక గగ్గోలు పెడుతుంటే, ఐపీ చిరునామా ఇచ్చిన సర్వర్ 192.168.1.1 అని పరికరం చూపింది. అది మాది కాదు. ఎవరో ఇంటి రౌటర్ తెచ్చి, దాని ల్యాన్ పోర్టును గోడకు తగిలించారని, మా సర్వర్ బదులు అదే చిరునామాలు పంచుతోందని పది నిమిషాల్లో తేలింది.

ఇక పీఓఈ, అంటే నెట్‌వర్క్ కేబుల్ ద్వారానే కరెంటు పంపే పద్ధతి సంగతి. మైదానం మూలన ఉన్న తిరిగే కెమెరా పగలంతా బాగుండి, రాత్రి ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగి, తల తిప్పినప్పుడల్లా రీబూట్ అయ్యేది. మధ్యరకం పరికరం 53 వోల్టులు చూపి, అంతా బాగుందంది. అది ఖాళీ లైను వోల్టేజీ మాత్రమే. లింక్‌రన్నర్ లైను మీద 25.5 వాట్ల వరకు నిజంగా బరువు (విద్యుత్ లోడు) వేసి చూస్తుంది. ఆ పరీక్షలో వోల్టేజీ 40కి పడిపోయింది. 2009 నాటి 802.3ఏటీ అనే పీఓఈ ప్రమాణం ప్రకారం పరికరానికి అందవలసిన కనిష్ఠం 42.5 వోల్టులు. అనుమానం కొద్దీ ఆ 90 మీటర్ల లైనులో ఒక జతను అటు చివర కలిపి మల్టీమీటరుతో కొలిస్తే నిరోధం దాదాపు 40 ఓమ్‌లు వచ్చింది. మంచి రాగి కేబుల్‌లో 17 దాటకూడదు. తీగను బ్లేడుతో గీరితే లోపల తెల్లగా అల్యూమినియం కనిపించింది. రాగి పూత పూసిన ఆ సన్నని తీగను పెట్టె మీద క్యాట్ 6 (మేలిరకం రాగి నెట్‌వర్క్ కేబుల్) అని రాసి అమ్మినవారి పేరు ఇక్కడ అనవసరం. దీపాల డబ్బా మాత్రం ఈ లైనుకూ ఎనిమిది దీపాలూ వెలిగించింది.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి ఒక మాట: లింక్‌రన్నర్ మొదట ఫ్లూక్ నెట్‌వర్క్స్ పేరుతో వచ్చింది, 2015లో నెట్‌స్కౌట్ చేతికి పోయింది, 2019 నుంచి నెట్‌ఆలీ పేరుతో ఉంది. పెట్టె మీద పేరు మారినంత మాత్రాన నకిలీ అని భయపడకండి. కొత్త కేబులింగ్‌కు కంపెనీ వారంటీ కావాలంటే మాత్రం ఈ మూడూ పనికిరావు; దానికి లక్షల ఖరీదు చేసే సర్టిఫికేషన్ టెస్టరును అద్దెకు తెచ్చుకోవడమే దారి.

జాగ్రత్తలు రెండే. వైర్‌లెస్ రేడియోలకిచ్చే 24 వోల్టుల పాసివ్ పీఓఈ అవతల ఏముందో అడగకుండానే కరెంటు పంపుతుంది. నా మొదటి దీపాల డబ్బా అలాగే కాలిపోయింది. రెండోది సాకెట్ అరుగుదల. రోజుకు ఇరవైసార్లు తగిలించి పీకితే ఏ సాకెట్ అయినా వదులవుతుంది కాబట్టి, పరికరానికి ఒక చిన్న ప్యాచ్ కార్డును శాశ్వతంగా ఉంచి, ఆ కార్డునే అరగనిస్తున్నాను, ఏడాదికొకటి మారుస్తాను.

నిరుడు మా హాస్టళ్లలో 2.5 గిగాబిట్ పోర్టులున్న వైఫై యాక్సెస్ పాయింట్లు పెట్టారు. లింక్‌రన్నర్ ఏటీ 2000 ఒక గిగాబిట్ వేగం దగ్గరే ఆగిపోతుంది. 2.5 అందుతోందో లేదో చెప్పకుండా ఆ పోర్టులోనూ పచ్చ గుర్తే చూపిస్తుంది. కొత్త మోడల్‌కు డబ్బు మంజూరయ్యేదాకా ల్యాప్‌టాప్‌కు 2.5 గిగాబిట్ యూఎస్‌బీ అడాప్టర్ తగిలించి, లింకు వేగాన్ని కంటితో చూసి, నోటు పుస్తకంలో రాసుకుంటున్నాను.